కాంటా గది నుంచి ఆఫీసు దాకా 420 మీటర్లు: ఒక షార్ట్ హాల్ మోడెం జత, పద్దెనిమిది నెలల వాడకం తరువాత

మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక రైసు మిల్లులో కంప్యూటర్లు, కరెంటు పనులు చూసుకునే బాధ్యత నాది. మా వేబ్రిడ్జి (లారీలు తూచే కాంటా) గేటు పక్కన ఉంది, తూకం చీటీలూ లెక్కలూ తయారయ్యే ఆఫీసు ఆవరణకు అవతలి చివర, గోదాముల వెనుక ఉంది. రెంటికీ మధ్య కేబులు వెళ్లే దారిన కొలిస్తే 420 మీటర్లు వచ్చింది. యాసంగి ధాన్యం దిగే రోజుల్లో లారీలూ ట్రాక్టర్లూ గేటు బయట వరుస కట్టినప్పుడు, కాంటా గదిలో కుర్రవాడు ఇండికేటరు (బరువును అంకెల్లో చూపే పెట్టె) మీద అంకె చూసి కాగితం మీద రాయడం, ఆ కాగితం పట్టుకొని మరొకరు ఆఫీసుకు నడవడం, అక్కడ గుమస్తా దాన్ని మళ్లీ కంప్యూటరులో కొట్టడం మా పద్ధతిగా ఉండేది. 7కు బదులు 1 పడిన చీటీ మీద రైతుతో జరిగిన ఒక పెద్ద గొడవ తరువాత, ఇండికేటరు చూపే అంకె మనిషి చేయి తగలకుండా నేరుగా కంప్యూటరుకు రావాలని యజమాని నిర్ణయించారు. అందుకోసం కొన్న షార్ట్ హాల్ మోడెం జత గురించే ఈ సమీక్ష. పద్దెనిమిది నెలల వాడకంలో దాని మంచితో పాటు దాని మొండితనమూ చూశాను. మా ఫిర్యాదుల్లో కొంత భాగం పంపిణీదారుడి మీద కూడా ఉంది కనుక కంపెనీ పేరు గానీ, అమ్మినవారి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా పరికరాలన్నీ దాదాపు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి కనుక, నేను చెప్పేది వేరే కంపెనీ జత కొనేవారికి కూడా చాలావరకు వర్తిస్తుంది.

మోడెం అనగానే టెలిఫోను లైను మీద కూతలు పెడుతూ ఇంటర్నెట్టు తెచ్చే పాత డబ్బా గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. దీనికి ఫోను నంబరుతో గానీ ఎక్స్ఛేంజీతో గానీ సంబంధం లేదు. మన సొంత రాగి తీగల మీద, ఒకే ఆవరణలోనో పక్కపక్క భవనాల మధ్యనో, సీరియల్ సంకేతాన్ని, అంటే బిట్లు ఒకదాని వెనుక ఒకటిగా వెళ్లే సంకేతాన్ని, ఆ కొస నుంచి ఈ కొసకు దాటించడమే దీని పని. అగ్గిపెట్టెకు రెండింతలు ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికి ఒకవైపు ఇరవై అయిదు పిన్నుల కనెక్టరు, మరోవైపు నాలుగు తీగలు బిగించే స్క్రూలు, పక్కన రెండు చిన్న స్విచ్చులు, మూడు లైట్లు. ఇలాంటివి రెండు కలిపి ఒక జత. పన్నులతో కలిపి మాకు పదమూడు వేల చిల్లర పడింది.

ఇంత చిన్న దూరానికి మోడెం ఎందుకు, తీగ లాగి నేరుగా కలిపితే సరిపోదా అని యజమాని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే కనుక, కొనకముందే నేరుగా కలిపి చూపించాను. ఆర్‌ఎస్-232 అన్నది ఇండికేటరూ కంప్యూటరూ సీరియల్ సంకేతంతో మాట్లాడుకునే పద్ధతి, ఆ ప్రమాణం మొదట వచ్చింది 1960లో. అది టేబుల్ మీది యంత్రానికీ దాని పక్కనే ఉండే మోడెంకూ మధ్య నడవడానికి పుట్టిన ఏర్పాటు తప్ప, ఆవరణలు దాటడానికి పుట్టినది కాదు. పాత ప్రమాణంలో దూరాన్ని 50 అడుగులుగా చెప్పేవారు, తరువాతి సవరణల్లో అడుగులు తీసేసి, తీగకూ దాన్ని అందుకునే పరికరానికీ కలిపి కెపాసిటెన్సు (తీగ విద్యుదావేశాన్ని నిలవ చేసుకొని సంకేతాన్ని మందగింపజేసే గుణం) 2500 పికోఫ్యారడ్లు దాటకూడదన్నారు. టెలిఫోను కేబులులో మీటరుకు సుమారు 50 పికోఫ్యారడ్ల చొప్పున లెక్కవేస్తే, మా 420 మీటర్లకు 21,000 అవుతుంది, అంటే అనుమతించిన దానికి ఎనిమిది రెట్ల పైన. అయినా వేగం బాగా తగ్గించి కలిపితే రాత్రిపూట అంకెలు సవ్యంగానే వచ్చాయి. తెల్లవారి మిల్లు మోటార్లు తిరగడం మొదలవగానే తెర మీద పిచ్చి గుర్తులు రాలాయి. కాంటా గది ఎర్తుకూ ఆఫీసు ఎర్తుకూ మధ్య మల్టీమీటరు పెడితే, మిల్లు నడుస్తున్నప్పుడు ఆరు వోల్టుల ఏసీ కనిపించింది. ఆర్‌ఎస్-232లో సున్నా, ఒకటి అనేవి ఉమ్మడి ఎర్తుతో పోల్చి నిర్ణయమవుతాయి కనుక, రెండు చివర్ల ఎర్తులు ఒకదానితో ఒకటి ఏకీభవించనప్పుడు ఆ అంకెను నమ్మడానికి వీల్లేదు. మోడెం ఇక్కడే తన ధరకు తగిన పని చేస్తుంది. సంకేతాన్ని ఒక మెలి జతలోని, అంటే ఒకదానితో ఒకటి మెలిపెట్టిన, రెండు తీగల మధ్య తేడాగా మార్చి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతుంది కనుక, ఈ చివర ఎర్తుకు ఆ చివర ఎర్తుతో పని ఉండదు.

తీగ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మోడెం మీద పడిన నిందల్లో సగం నిజానికి తీగవే. అయిదు జతల, 0.5 మిల్లీమీటర్ల, జెల్లీ నింపిన ఆర్మర్డ్ (లోహపు తొడుగున్న) టెలిఫోను కేబులు వేశాం. ఆర్మర్డ్ అవసరమా అని అడిగినవారికి రైసు మిల్లులో పందికొక్కులు ఎంతెంత ఉంటాయో తెలియదని అర్థం. రెండడుగుల లోతు గాడి తవ్వి, మోటారు కేబుళ్లకు దూరంగా నడిపి, దాటక తప్పని ఒక్క చోట అడ్డంగా దాటించాం. అటు చివర ఒక జతను కలిపేసి ఇటు చివర నిరోధకత కొలిస్తే 78 ఓములు వచ్చింది. 0.5 మిల్లీమీటర్ల రాగి జత రానూపోనూ కిలోమీటరుకు సుమారు 175 ఓములు చూపాలి కనుక, ఎండకు వేడెక్కిన తీగకు అది సరైన కొలతే.

కొలత సరిగ్గానే ఉంది, మోడెంల మీద లైట్లూ వెలిగాయి, అయినా నిమిషానికి ఒకటి రెండు తప్పుడు అక్షరాలు వస్తూనే ఉన్నాయి. రెండు రోజులు మోడెంను తిట్టుకున్నాను. టెలిఫోను శాఖలో జాయింటరుగా (కేబుళ్లు అతికే పనివాడిగా) పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా మిల్లుకు నూకల కోసం వస్తుంటారు. ఆయన జంక్షన్ బాక్సు మూత తీసి చూసి, "తెల్లవన్నీ ఒకేలాగ ఉంటయి బిడ్డా, మెలి విప్పకముందే జతజతకు దారం కట్టుకోవాలె" అన్నారు. ఈ కేబులులో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగు తీగలు ఒక్కొక్కదానికీ తోడు ఒక్కొక్క తెల్ల తీగ ఉంటుంది, మెలి విప్పేస్తే ఏ తెల్లది ఏ రంగుకు తోడో కనిపెట్టే గుర్తు ఏదీ ఉండదు. మా ఎలక్ట్రీషియను నీలానికి నారింజ తోడును, నారింజకు నీలం తోడును పట్టుకొని రెండు చివర్లా అదే క్రమంలో బిగించాడు. మీటరుకు అది సంపూర్ణంగా సరైన కనెక్షను, కానీ ఒకదానితో ఒకటి మెలిపడని తీగల మధ్య సంకేతం నడుస్తోంది కనుక మోటారు రొద అంతా అందులోకి దిగుతోంది. కేబులును కొత్తగా కోసి, జతలు విడదీయకుండా బిగించాక, ఆ తప్పుడు అక్షరాలు ఆగిపోయాయి. మాన్యువల్‌లో "మెలి జత వాడవలెను" అన్న ఒక్క వాక్యం తప్ప, జతలు మారితే ఎలాంటి లక్షణాలు కనిపిస్తాయో ఎక్కడా లేదు.

ఇక బిగింపు. నాలుగు స్క్రూల్లో రెండు పంపేవి, రెండు అందుకునేవి. ఇటు పంపే జత అటు అందుకునే స్క్రూలకు వెళ్లాలి, అంటే దారిలో ఒకసారి దాటు వేయాలి. ఇది మాన్యువల్ బొమ్మలో స్పష్టంగానే ఉంది. స్క్రూలు మాత్రం మరీ చిన్నవి, గడియారాలు బాగుచేసే స్క్రూడ్రైవరు తప్ప పట్టదు, 0.5 తీగను గట్టిగా బిగిస్తే తెగుతుంది, వదులుగా బిగిస్తే లారీ కాంటా ఎక్కిన ప్రతిసారీ గది అదిరి జారుతుంది. చివరకు గోడకు క్రోన్ మాడ్యూలు (స్క్రూలు లేకుండా తీగను నొక్కి బిగించే టెలిఫోను పట్టీ) పెట్టి కేబులు అక్కడ ఆపి, అక్కడి నుంచి మోడెంకు మెత్తటి తీగ ఇచ్చాను. కాంటా గదిలో ఉండేవాటికి ఇలా చేయడమే మేలు.

పరికరం పక్కన ఉన్న రెండు స్విచ్చుల్లో మొదటిది డీటీఈ, డీసీఈ, అంటే మోడెం కంప్యూటరు పాత్రలో (డీటీఈ) ఉండాలా, మోడెం పాత్రలో (డీసీఈ) ఉండాలా అన్నది, ఏ పిన్ను మీద పంపాలో, ఏ పిన్ను మీద అందుకోవాలో దాన్ని బట్టి మారుతుంది. కంప్యూటరు ఎప్పుడూ డీటీఈ కనుక ఆఫీసు వైపు మోడెంను డీసీఈలో ఉంచితే చాలు. ఇండికేటరు విషయంలో అలా ధీమాగా చెప్పలేం, ఎందుకంటే తయారీదారును బట్టి కొన్ని రెండో పిన్ను మీద పంపుతాయి, కొన్ని మూడో పిన్ను మీద. ఇండికేటరుకు తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది కనుక దాన్ని విప్పి చూసే ప్రశ్నే లేదు, విప్పకూడదు కూడా. వెనుక ఉన్న తొమ్మిది పిన్నుల సాకెట్టులో అయిదో పిన్నును ఆధారంగా పెట్టుకొని మిగతావి మీటరుతో కొలిస్తే, ఏ పిన్ను మీద మైనస్ ఎనిమిది, తొమ్మిది వోల్టులు నిలకడగా కనిపిస్తాయో అదే పంపే పిన్ను. ఈ ఒక్క కొలతతో, స్విచ్చును అటూ ఇటూ తోస్తూ గడిపే పూట మిగులుతుంది.

రెండో స్విచ్చు క్యారియరుది, అంటే మోడెం తీగ మీదికి వదిలే సంకేతానిది. ఎప్పుడూ పంపుతూ ఉండాలా, లేక ఆర్‌టీఎస్ (పంపబోతున్నానని పరికరం చెప్పే తీగ) పైకి లేచినప్పుడే పంపాలా అన్నది అది నిర్ణయిస్తుంది. ఒకే తీగ మీద అనేక పరికరాలు వంతులవారీగా మాట్లాడే చోట రెండోది అవసరం. మాకు వచ్చిన జత ఫ్యాక్టరీ నుంచే రెండో స్థితిలో వచ్చింది, మా ఇండికేటరులో ఆర్‌టీఎస్ తీగే లేదు, అందువల్ల అటు నుంచి ఒక్క అక్షరం కూడా బయలుదేరలేదు. పెట్టె మీద ఒక చీటీ అతికించి ఉంటే సరిపోయే సంగతికి పంపిణీదారుడి సాంకేతిక విభాగానికి నాలుగుసార్లు ఫోను చేయాల్సి వచ్చింది. నాలుగోసారి ఎత్తినాయన కూడా "కొత్త జత పంపిస్తాం, పాతది వాపసు చేయండి" అన్నారే గానీ స్విచ్చు సంగతి ఎత్తలేదు.

ఈ పరికరానికి ప్రకటనల్లో దక్కే అతి పెద్ద పొగడ్త, దీనికి కరెంటు అక్కర్లేదన్నది. సీరియల్ పోర్టులోని సంకేతాల తీగల నుంచే తనకు కావలసిన కాస్త విద్యుత్తును పీల్చుకొని పనిచేస్తుంది. రెండు కంప్యూటర్లను కలిపినప్పుడు ఇది అక్షరాలా నిజం, మా ఆఫీసులోనే పరీక్షించి చూశాను. కాని కాంటా గదిలో ఇది సగం నిజమే. ఇండికేటరు సాకెట్టులో పంపే తీగ, అందుకునే తీగ, ఎర్తు అనే మూడే ఉన్నాయి, మోడెంకు తిండి పెట్టాల్సిన డీటీఆర్ (సిద్ధంగా ఉన్నానని పరికరం చెప్పే తీగ), ఆర్‌టీఎస్ రెండూ లేవు. మోడెం లేనప్పుడు పంపే పిన్ను మీద మైనస్ 8.6 వోల్టులున్నది, మోడెం తగిలించగానే మైనస్ 4.1కి పడిపోయింది. ప్రమాణం ప్రకారం మైనస్ 3 దాకా చెల్లుతుంది కనుక సాంకేతికంగా అది ఇంకా సరైన సంకేతమే, కాని మోడెం కడుపు నిండడానికి అది చాలదు. ఫలితంగా లైటు వెలుగుతుంది, కాసేపటికి మసకబారుతుంది, ఆరిపోతుంది, ఒక లారీ తూకం వస్తుంది, తరువాతి లారీది రాదు. తూకానికి సంబంధించిన పరికరం పూర్తిగా చెడిపోతే నయం, ఇలా ఉండీ లేనట్లు పనిచేయడమే అసలు ప్రమాదం. విడిగా అమ్మే అడాప్టరు ఒకటి కొని కాంటా గది వైపు పక్క సాకెట్టులో పెట్టాక ఈ ఇబ్బంది మళ్లీ రాలేదు. కాబట్టి ఇండికేటర్లు, మీటర్లు, పాత మిషన్ల లాంటి మూడు తీగల పరికరాలకు కలిపేవారు అడాప్టరు ధరను కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి.

ఆఫీసు వైపు కూడా ఒక మెలిక ఉంది. మొదట లాప్‌టాపుకు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ తగిలించాం. దాని మీద డీటీఆర్ అయిదున్నర వోల్టులకు మించలేదు. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీది అసలు సీరియల్ పోర్టు పదకొండు ఇచ్చింది. లాప్‌టాపుతో పని జరిగింది గాని అంచు మీద జరిగింది, డెస్క్‌టాపుకు మార్చాక నిశ్చింతగా ఉంది. పైగా, బిల్లింగు సాఫ్ట్‌వేరు పోర్టును మూసినప్పుడల్లా డీటీఆర్ పడిపోయి మోడెం లైట్లన్నీ ఆరిపోతాయి. మధ్యాహ్నం గుమస్తా భోజనానికి వెళ్తూ సాఫ్ట్‌వేరు మూసిన ప్రతిసారీ, మోడెం చెడిపోయిందని నాకు ఫోను వచ్చేది. అది చెడు కాదు, దాని స్వభావం.

పరీక్షించే పద్ధతి సులువైనదే. అటు చివర మోడెంకు ఇండికేటరు బదులు, రెండో పిన్నునూ మూడో పిన్నునూ కలిపిన ఒక ఖాళీ కనెక్టరు తగిలించి, ఇటు కంప్యూటరులో పుటీ అనే టెర్మినల్ ప్రోగ్రాములో అక్షరాలు కొడితే, వెళ్లినవి వెళ్లినట్టే తిరిగి రావాలి. అలాంటి కనెక్టరును కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్న ఇరవై అయిదు పిన్నుల ప్లగ్గుకు నేనే టంకం పెట్టి చేసుకున్నాను. పుటీలో లోకల్ ఎకో ఆపడం మాత్రం మరువకూడదు, లేకుంటే తీగ పీకేసి ఉన్నా కొట్టిన అక్షరం తెర మీద కనిపించి, అంతా బాగుందనుకొని సంతోషిస్తాం. నేను ఒక పూట అలా సంతోషించినవాడినే.

అంకెల్లో కొన్నే తప్పు వస్తుంటే మోడెంను అనుమానించే ముందు పారిటీని (తప్పు పట్టడానికి ప్రతి అక్షరానికీ చేర్చే అదనపు బిట్టును) చూడాలి. మా ఇండికేటరు ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతుంది, సాఫ్ట్‌వేరులో ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా అని ఉంది. అప్పుడు 0, 3, 5, 6, 9 సరిగ్గా వస్తాయి, 1, 2, 4, 7, 8 మాత్రం వింత గుర్తులుగా మారతాయి. అయిదు అంకెలు ప్రతిసారీ సరిగ్గా, అయిదు ప్రతిసారీ తప్పుగా వస్తుంటే అది రొద కాదు, సెట్టింగు. రొద అయితే ఇలా ఎంచి ఎంచి చెడగొట్టదు.

వేగం విషయంలో అత్యాశ అక్కర్లేదు. ఇండికేటరు సెకనుకు పదిసార్లు, ఒక్కోసారి పన్నెండు అక్షరాలు పంపుతుంది, అంటే సెకనుకు 120 అక్షరాలు. ఒక్కో అక్షరానికి మొదలూ చివరా కలుపుకొని పది బిట్లు పడతాయి కనుక సెకనుకు 2400 బిట్ల వేగం సెకనుకు 240 అక్షరాలు మోస్తుంది, అది మాకు రెండింతలు. వేగం తగ్గేకొద్దీ ఇలాంటి మోడెం మోయగల దూరం పెరుగుతుంది, తప్పులు తగ్గుతాయి. మేము 9600తో మొదలుపెట్టి 2400కు దిగాక, చీటీ రావడంలో ఎవరికీ తేడా తెలియలేదు.

మే నెలలో రాళ్లవాన కురిసిన ఒక సాయంత్రం గేటు దగ్గరి వేపచెట్టు మీద పిడుగు పడింది. కాంటా గది వైపు మోడెం పోయింది, ఇండికేటరు మాత్రం క్షేమంగా బయటపడింది. లోపలి ట్రాన్స్‌ఫార్మరే దెబ్బను ఆపిందో, మా అదృష్టమో చెప్పలేను గాని, ఇండికేటరు పోయి ఉంటే కొత్తదాని ధరతో పాటు మళ్లీ సీలు వేయించుకునేదాకా కాంటా ఆగిపోయేది. పిడుగు నష్టం వారంటీలోకి రాదని పంపిణీదారుడు చెప్పింది సబబే. కాని జత విడదీసి ఒక్క మోడెం అమ్మబోమన్న పట్టుదల మాత్రం సబబు కాదు. రెండు వారాలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక ఒక్కటి ఇచ్చారు, జత ధరలో సగానికి మించిన ధరకే. ఆ రెండు వారాలూ మళ్లీ కాగితం మీద రాసుకున్నాం. తరువాత కేబులు రెండు చివర్లా గ్యాస్ ట్యూబు అరెస్టర్లు (పిడుగు దెబ్బను ఎర్తులోకి మళ్లించే రక్షణలు) పెట్టి, వాటికి మంచి ఎర్తు ఇచ్చాను. మోడెంతో పాటు మొదటి రోజే పెట్టి ఉండవలసినవి అవి.

దీనికి బదులుగా ఏం వాడవచ్చునని అడిగేవారి కోసం రెండు మాటలు. ఆర్‌ఎస్-485 (రెండు తీగల మధ్య తేడాతో దూరం పోయే మరో సీరియల్ పద్ధతి) కన్వర్టర్లు దీనికంటే చాలా చవక, తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా పోతాయి. కాని చవకవాటిలో రెండు చివర్లనూ విద్యుత్తుపరంగా విడదీసే ఏర్పాటు ఉండదు, మా ఆరు వోల్టుల ఎర్తు తేడా ఉన్న చోట వాటిని పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవరణలో ఇప్పటికే ఫైబరు ఉన్నవారికి సీరియల్‌ను ఈథర్‌నెట్‌గా మార్చే డబ్బాయే తగినది, మోడెం వైపు చూడనక్కర్లేదు. రాగి ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల దగ్గరే ఆగుతుంది కనుక మాకు పనికిరాలేదు. వైర్‌లెస్ పెట్టమన్నవారూ ఉన్నారు, అయితే మధ్యలో రేకుల గోదాములు నాలుగున్నాయి.

తవుడు దుమ్ము, రేకుల కప్పు కింద మే నెల వేడి, రోజుకు వందల లారీల అదురు, వీటన్నిటి మధ్య అరెస్టర్లు పెట్టాక ఇప్పటిదాకా ఈ జత ఒక్క తప్పుడు తూకం కూడా చూపలేదు. అయిదింట నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒక మార్కులో సగం మాన్యువల్‌ది, సగం ఆ స్క్రూలది. అమ్మినవారి సేవకు మాత్రం రెండుకు మించి ఇవ్వను. మా యజమాని అన్నగారి మిల్లుకు ఇదే మోడలు మరో జత తెప్పిస్తున్నాం, ఈసారి అడాప్టరూ అరెస్టర్లూ అదే ఆర్డరులో రాశాం. ఒక మోడెం అదనంగా కొని కాంటా గది సొరుగులో పెట్టాం, దాని రెండు స్విచ్చులూ ముందే సరైన స్థితికి తోసి, కదలకుండా మీద టేపు అంటించాను.